నరం పట్టిందనే అన్నాను

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. భయం సంగతి తర్వాత, ముందు చిరాకు. ఎవరైనా "ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందట" అని మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. అందుకే నాగోల్‌లో మా అపార్ట్‌మెంటు ఆడవాళ్లు నన్ను పేరంటాలకి పిలుస్తారు గానీ కబుర్లకి పిలవరు.

నేను ఫిజియోథెరపిస్టుని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పైన నా క్లినిక్. లిఫ్టు లేదు. కింద బస్సుల హారన్లు, పక్కింట్లో కోచింగ్ సెంటర్ మైకు. నడుం నొప్పితో ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లు ముందు నన్ను తిట్టుకుని, తర్వాత నొప్పి సంగతి చెబుతారు. నేను కూడా తక్కువ తిన్నదాన్ని కాదు. నా నోటికి జడిసి వ్యాయామాలు చేసినవాళ్లే ఎక్కువ.

జరిగింది చెప్పేముందు తుంటి గురించి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఇది అర్థం కాదు.

పిరుదులో పైకి తగిలే పెద్ద కండరం కింద, బేరిపండు ఆకారంలో ఒక చిన్న కండరం ఉంటుంది. పేరు పిరిఫార్మిస్. మన ఒంట్లోకెల్లా లావైన సయాటిక్ నరం దాని కింది అంచు నుంచి బయటికొచ్చి కాలిలోకి దిగుతుంది. చాలామందిలో అంతే. కొందరిలో మాత్రం పుట్టుకతోనే ఆ కండరం రెండు పాయలుగా ఉంటుంది. నరంలో ఒక భాగం ఆ రెండు పాయల మధ్య నుంచి దూరి వస్తుంది.

అది జబ్బు కాదు. అలా ఉన్నట్టు చచ్చేదాకా తెలియనివాళ్లే ఎక్కువ. కానీ ఆ కండరం బిగుసుకుందంటే మధ్యలో ఉన్న నరం పని తలుపు సందులో పడ్డ వేలే. నొప్పి తుంటిలో పుట్టి పాదంలో తేలుతుంది. వెన్నుపూస స్కాన్ తీస్తే ఏమీ కనపడదు. ఏమీ కనపడలేదు కాబట్టి మనిషి నటిస్తోందంటారు.

రేణుకని అలాగే అన్నారు.

రేణుక చంపాపేట్ నుంచి వచ్చేది. వాళ్లది నల్లగొండ పక్క ఊరు. భర్త శ్రీశైలం ఆటో నడుపుతాడు. ఆమె మగ్గం పని చేస్తుంది, పెళ్లి బ్లౌజుల మీద జరీ, పూసలు కుడుతుంది. అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మగ్గం ముందు నేల మీద కాళ్లు మడుచుకుని కూర్చోవడమే. ఆ కూర్చోవడమే ఆమెకి చేతకాకుండా పోయింది. కుడి తుంటిలో నొప్పి, పాదం తిమ్మిరి.

మొదటిరోజు వెంట భర్తతోపాటు అత్తగారు యాదమ్మ కూడా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోకుండా నన్ను పైనుంచి కిందికి చూసి, "కూసుంటె నొప్పంటది, నిలవడితె లేదంటది. గిదేం నొప్పి మేడం? పని జెయ్యనీకె బద్దకం" అంది. రేణుక తల వంచుకుంది.

శ్రీశైలం ఇంకా తెలివైనవాడు. తుంటిలో నొప్పికి పాదం తిమ్మిరెక్కడమేంటని నవ్వుతూ, "తుంటి మీద కొడితె పండ్లు రాలినయంట, గట్లుంది మేడం గీమె ముచ్చట" అన్నాడు. "తుంటి మీద కొడితే పళ్లు రాలవు గానీ పాదం మాత్రం తిమ్మిరెక్కుతుంది, బయట కూర్చోండి" అన్నాను.

వాళ్లు బయటికి వెళ్లాక రేణుక అసలు సంగతి చెప్పింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పుట్టింటికి పంపేస్తామన్నారట. మళ్లీ తీసుకొస్తామని మాత్రం అనలేదట. "నేను కూసోని పని జేస్తెనే ఆ ఇంట్ల ఉంట మేడం" అంది. ఏడవలేదు. ఆర్డరు గడువు చెప్పినంత మామూలుగా చెప్పింది.

బోర్లా పడుకోబెట్టి పరీక్ష చేశాను. మిట్టమధ్యాహ్నం, గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది, కింద రోడ్డు మీద ఎవరో ఎవరినో బూతులు తిడుతున్నారు. పిరిఫార్మిస్ ఉండే చోట బొటనవేలితో లోతుగా నొక్కాను. కండరం కట్టెలా ఉంది. రెండోసారి నొక్కినప్పుడు లోపలి నుంచి ఏదో నా వేలిని పైకి నెట్టింది.

కండరాలు అదరడం నాకు కొత్త కాదు. అక్కడ రక్తనాళం కూడా ఉంటుంది, వేలికి నాడి తగలొచ్చు. అయితే నాడి గుండె లయలో కొట్టుకుంటుంది. ఇది నేను నొక్కే లయలో నెట్టింది. నెమ్మదిగా నొక్కితే నెమ్మదిగా, గబగబా నొక్కితే గబగబా. ఆపితే ఆగింది. మోచేతితో ఒత్తి అలాగే ఉంచాను. అది కూడా అలాగే ఒత్తిపట్టి ఉంచింది, ముందు నువ్వే తియ్యి చూద్దాం అన్నట్టు. నేనే తీశాను.

"మీకు తెల్సిందా మేడం?" అంది రేణుక, మొహం దిండులోంచి ఎత్తకుండానే. "నేను జెప్తె ఎవ్వలు నమ్ముతలేరు."

"తెలిసిందమ్మా. బిగుసుకున్న కండరం అలా అదురుతుంది" అన్నాను. నేను నిజంగా అదే అనుకున్నాను. అప్పుడు మాత్రం ఏడ్చింది.

ఇక నా నోటి నుంచి వచ్చిన మాట సంగతి. బయట యాదమ్మ "ఏమైందంట?" అని అడిగింది. నేను రోజూ అందరికీ చెప్పినట్టే చెప్పాను. "పట్టేసిందమ్మా. లోపల గట్టిగా పట్టుకుంది. అంత తొందరగా వదలదు. కొన్నాళ్లు పట్టినా విడిపించాలి" అన్నాను. నరం పట్టిందనే అన్నాను. నరం అనే మాట విడిగా పలకలేదంతే. నడుం పట్టింది, మెడ పట్టింది అని మనం రోజుకెన్నిసార్లు అనం?

యాదమ్మ మొహం మారిపోయింది. "ఎన్నొద్దుల సంది పట్టిందంటరు?" అని గొంతు తగ్గించి అడిగింది. పుట్టుకతోనే ఉండి ఉంటుందన్నాను. ఆమె కోడలి చెయ్యి వదిలేసి, ఒక మెట్టు దూరంగా దిగుతూ వెళ్లింది.

తర్వాత రేణుక రావడం మానేసింది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. మళ్లీ వచ్చేసరికి మనిషి సగమైంది. పరీక్ష చేద్దామని చీర పక్కకి తీస్తే కుడి తుంటి మీదంతా ఎర్రటి తట్లు. ఊరికి తీసుకెళ్లి వేపమండలతో కొట్టించారు. సరిగ్గా నేను వేలు పెట్టి నొక్కిన చోటే కొట్టించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి యాదమ్మ మీద అరిచాను, పోలీసుల్ని పిలుస్తానన్నాను. ఆమె తొణకలేదు.

"మీరే జెప్తిరి గద మేడం, పట్టిందని, విడిపియ్యాలని. మేం ఇడిపిచ్చెటాయన కాడికే తీస్కపోయినం."

 నా మాటే ఆ మండలు విరిచి తెచ్చింది.

ఆరోజే పంతం పట్టాను. ఇది కండరమని, నరమని వీళ్ల కళ్లకి కనపడేలా చేసి తీరాలనుకున్నాను. ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రిలో నాకు బాగా తెలిసిన ఎముకల డాక్టరుగారు ఉన్నారు. ఆయనకి చూపించి, వెన్నుకి కాకుండా తుంటికి ఎమ్మారై తీయించాను. నేననుకున్నట్టే ఉంది. కుడివైపు కండరం రెండు పాయలు, మధ్యలోంచి నరం.

నా క్లినిక్ గోడకి ఫిల్ములు చూసే లైటుపెట్టె ఉంది. మామూలు తుంటి ఎలా ఉంటుందో చూపించడానికి అందులో ఎప్పుడూ నా తుంటి ఎమ్మారై ఫిల్మే ఉంచుతాను. కొన్నేళ్ల కిందట ఎల్బీనగర్ చౌరస్తాలో స్కూటీ మీద నుంచి పడ్డప్పుడు తీయించింది. దాని పక్కన రేణుక ఫిల్మ్ పెట్టి, ముగ్గురినీ నిలబెట్టి చూపించాను. ఇది నాది, కండరం ఒకటే ముద్ద. ఇది ఆమెది, రెండు పాయలు.

యాదమ్మ నా ఫిల్మ్ దగ్గరగా చూసి, ఎముకలో మినపగింజంత నల్లచుక్క ఉంటే అదేందని అడిగింది. ఎముకకి పుట్టుమచ్చ లాంటిది, కొందరికి ఉంటుంది, ఏమీ చెయ్యదన్నాను. రేణుక ఫిల్మ్‌లో అది లేదు.

"అయితే రెండు పాయల నడుమ దూరిందంటరు" అంది యాదమ్మ.

"అవును, నరం దూరింది."

"నేను గూడ గదే అంటున్న గద. దూరిందనే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదు. శ్రీశైలం మాత్రం రెండు ఫిల్ములూ మార్చి మార్చి చూసి, మొదటిసారి భార్య వైపు సిగ్గుగా చూశాడు. నాకు అది చాలనిపించింది.

స్కానింగ్‌లో చూస్తూ ఆ కండరంలోకి ఇంజక్షన్ ఇచ్చారు. కొన్నాళ్లు బావుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి డాక్టరుగారు ఆపరేషన్ చేసి కండరాన్ని కత్తిరించి నరానికి దారి ఇస్తానన్నారు. నేను చూస్తానంటే లోపలికి రానిచ్చారు.

ఆకుపచ్చ గౌను వేసుకుని, ముట్టుకోకూడనివి ముట్టుకోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన పెద్ద కండరాన్ని పక్కకి తీసి లోపల చూపించారు. ఫిల్మ్‌లో చూసిందే. రెండు పాయలు, మధ్యలో తెల్లటి నరం. పుస్తకంలో బొమ్మ ఎంత శుభ్రంగా ఉంటుందో అంత శుభ్రంగా ఉంది. ఆయన కత్తెర వేశారు.

అప్పుడు నా కుడి తుంటిని ఎవరో మోచేత్తో పొడిచినట్టయింది. నర్సు తగిలిందేమోనని పక్కకి జరిగి వెనక్కి చూశాను. వెనక గోడ తప్ప ఏమీ లేదు. నేను దానికి ఆనుకునే ఉన్నాను కదా.

ఆపరేషన్ బాగా జరిగింది. వరండాలో యాదమ్మ ఒక్కతే ఉంది. అంతా అయిపోయింది, కోసి విడిపించేశారు, ఇక నీ కోడలికి ఢోకా లేదన్నాను. ఆ మాటలో నా గెలుపు కూడా ఉంది, దాచడం ఎందుకు. ఆమె సంతోషించలేదు.

"మరి అది ఎటు వోయింది?" అని అడిగింది.

"ఎటు పోవడమేంటి? కండరం అమ్మా అది."

"ఇడిపిచ్చెటోళ్లు ముందు దానికి తొవ్వ జూపిస్తరు మేడం. ఎటు వోవాల్నో జెప్పి ఇడుస్తరు. మీరు ఊకెనే ఇడిసిన్రు."

నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కాఫీ తాగడానికి కిందికి దిగాను. మెట్ల దగ్గర కుడి పాదం తిమ్మిరెక్కింది. అంతసేపు నిలబడితే ఎవరికైనా ఎక్కుతుందనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాల్లో నాకు కూర్చోవడం కష్టమైపోయింది. స్కూటీ మీద దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి కళ్లనీళ్లొచ్చేవి. పేషెంట్లకి చెప్పే వ్యాయామాలన్నీ చేశాను, వేడి పెట్టాను, ఐసు పెట్టాను. బస్సుల చప్పుడుకీ, మైకుకీ, మనుషుల మొహాలకీ ఊరికే కోపం వచ్చేది. ఊరు మొత్తం నా తుంటి మీద కూర్చున్నట్టుండేది.

రేణుక కుట్లు విప్పించుకున్నాక వ్యాయామాల కోసం నా దగ్గరికి రావాలి. రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఏమైందోనని నేనే ఒక పొద్దున చంపాపేట్ వెళ్లాను. వాళ్లది మెయిన్ రోడ్డు వెనక సందులో కిరాయి ఇల్లు. నేను సందు మలుపు నుంచి కుంటుకుంటూ రావడం యాదమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. దగ్గరికి వెళ్లేసరికి రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

"లోపల్కి రాకున్రి మేడం."

"రేణుకని చూసి పోతాను."

"అది మంచిగుంది. మీరే మంచిగ లేరు. గడప దాటకున్రి, మీకు దండం వెడ్త."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. రేణుక మగ్గం ముందు నేల మీద కాళ్లు మడుచుకుని కూర్చుని ఉంది. ఎర్ర బట్ట మీద సూది చకచకా నడుస్తోంది. తలెత్తి నన్ను చూసింది, నా కుడికాలు చూసింది. నేను వంకరగా, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడి ఉన్నాను. ఒకప్పుడు తను నా గదిలో నిలబడ్డట్టే. తను మళ్లీ తల వంచి కుట్టుకోవడం మొదలుపెట్టింది. తలుపు మూసేశారు.

ఇంత చేసిన మనిషికి దక్కిన మర్యాద ఇదా అని సందంతా తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్లని ఏమీ అనలేను. ఆమె కూర్చోగలుగుతోంది. దాన్ని కాపాడుకుంటోంది.

డాక్టరుగారు నాకు ఎమ్మారై రాశారు. తీయించాను. నా పాత ఫిల్మ్ కూడా క్లినిక్ గోడ మీద నుంచి తీసి పట్టుకెళ్లాను, పోల్చి చూస్తారని.

ఆయన రెండూ పక్కపక్కన పెట్టారు.  తర్వాత పాత ఫిల్మ్ మీద పేరు చదివారు. మళ్లీ కొత్త ఫిల్మ్ మీద పేరు చదివారు. పాతదాంట్లో నా కుడి కండరం ఒకటే ముద్ద. కొత్తదాంట్లో రెండు పాయలు, మధ్యలోంచి నరం.

"పాత ఫిల్మ్ ఎవరిదో మారిపోయి ఉంటుందండీ" అన్నారు.

నేను నల్లచుక్క చూపించాను. ఎముకలో, అదే చోట, అదే మినపగింజంత. రెండు ఫిల్ముల్లోనూ ఉంది. ఎముక ఒకే మనిషిది. కండరం కాదు.

"అప్పుడు సరిగా తియ్యలేదేమో. స్కాన్ తీసిన చోటు కొంచెం అటూ ఇటూ అయితే కనపడకపోవచ్చు" అన్నారు ఆయన. గొంతులో ధీమా లేదు. ఇది పుట్టుకతో రావాల్సిందే గానీ నడివయసులో మొలిచేది కాదని నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. కారణం ఏదైనా వైద్యం ఒకటేనని, అదే ఆపరేషన్ చేసేద్దామని రోజు కూడా ఖాయం చేశారు. నేను సరేనన్నాను. బ్యాగు కూడా సర్దుకున్నాను.

మా పాప ఆరో తరగతి చదువుతోంది. మా ఇంట్లో నడుం నొప్పి ఎవరికొచ్చినా పిల్లల చేత తొక్కించుకోవడం అలవాటు. నా చిన్నప్పుడు మా నాన్నకి నేను తొక్కేదాన్ని. ఆపరేషన్‌కి ముందు ఆదివారం, భోజనాలయ్యాక, చాప మీద బోర్లా పడుకుని పాపని తొక్కమన్నాను. గోడ పట్టుకుని నడుం మీద నడిచింది. కొంచెం కిందికి, కుడివైపు రమ్మన్నాను. ఆ చిన్న పాదం అక్కడ పడగానే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

రెండు అడుగులు తొక్కి ఆగిపోయింది.

"అమ్మా, నన్నెందుకు తోస్తున్నావ్?" అంది.

నా చేతులు రెండూ నా నుదుటి కింద ఉన్నాయి.

"నేను తొయ్యడం లేదురా."

"తోస్తున్నావ్. నా కాలు కింద. ఇదిగో, మళ్లీ."

దిగమని అరిచాను. అంత గట్టిగా దానిమీద ఎప్పుడూ అరవలేదు. అది భయపడి గోడకి అతుక్కుపోయింది. లేచి దాని కాలు పట్టుకుని అరికాలు చూశాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియలేదు. మావారు లోపలి నుంచి వచ్చి ఏమైందని అడిగితే, పిల్ల బరువెక్కింది, నొప్పెట్టిందన్నాను.

ఆపరేషన్ వద్దని డాక్టరుగారికి చెప్పేశాను. మత్తుమందంటే భయమన్నాను. ఆయన నమ్మలేదు గానీ బలవంతపెట్టలేదు. మావారు ఇప్పటికీ తిడుతూనే ఉంటారు. వేరేవాళ్లకైతే దగ్గరుండి చేయిస్తావు, నీ దాకా వచ్చేసరికి ఈ మొండితనమేంటి అంటారు. ఏం చెప్పను? రేణుక తుంటి మీద వేలు పెట్టింది నేను. నా తుంటి మీద కాలు పెట్టింది నా కూతురు. ఇందులో ఏదైనా లెక్క ఉందో లేదో నాకు తెలియదు. ఉందని నమ్మితే నేను యాదమ్మనే. లేదని నమ్మితే రేపే వెళ్లి బల్ల మీద పడుకోవాలి. రెండూ చేతకావడం లేదు.

పాత ఫిల్మ్ తప్పా, కొత్తది తప్పా, చూసిన మేమే తప్పా అని చాలామంది తెలిసినవాళ్లని అడిగాను. తలో మాట చెప్పారు. ఒక్క మాటా నాకు అతకలేదు. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నా ఒంట్లో ఏముందో మాత్రం చెప్పలేను.

క్లినిక్‌లో కుర్చీ తీసేసి ఎత్తు బల్ల వేయించుకున్నాను. ఇది కూడా నిలబడే రాస్తున్నాను. ఇంట్లో పాప నేల మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ పుస్తకాలు పరుచుకుని, నేను తిట్టేదాకా లేవకుండా గంటలు గంటలు చదువుకుంటుంది. అది అలా కూర్చోగలిగినన్నాళ్లు నేను నిలబడే ఉంటాను.